బస్తీ సంఘం ఎవరి చేతుల్లో? వలస వచ్చిన మహిళల ప్రశ్నలు, మా జవాబులు

పని కోసం ఊరు విడిచి వచ్చిన ఆడవాళ్లు కొత్త చోట సంఘం కట్టుకోవడం గురించి, దాన్ని నడిపించడం గురించి వచ్చిన ప్రశ్నలకు ఈ నెల చోటిచ్చాం. అడిగినవారి పేర్లు తీసేసి, ప్రాంతం మాత్రం ఉంచాం.

ప్రశ్న: మాది జీడిమెట్ల దగ్గర బస్తీ. శ్రీకాకుళం, పాలమూరు, ఒడిశాలోని గంజాం వైపు నుంచి వచ్చిన కుటుంబాలు నలభై దాకా ఉంటాయి. ఇళ్లల్లో పని, కంపెనీల్లో ప్యాకింగ్, తాపీ పని చేసుకుంటాం. పొదుపు సంఘం పెట్టుకుందామని బ్యాంకుకు వెళ్తే "మీ ఆధార్‌లో ఊరి అడ్రస్ ఉంది, ఇక్కడ ఖాతా కుదరదు" అని పంపేశారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

బ్యాంకు దగ్గర మాత్రం మొదలుపెట్టకండి. ముందు ఆరు వారాలు సంఘం నడిపి, పుస్తకాలు చంకన పెట్టుకుని వెళ్లండి. అప్పుడు అదే కౌంటర్లో మాట వేరుగా ఉంటుంది.

పట్టణ పొదుపు సంఘంలో 10 నుంచి 20 మంది ఉండొచ్చు. మీకు 12 మంది సరిపోతారు. ఇద్దరు ముగ్గురు ఊరికెళ్లినా సమావేశం ఆగదు, ఒకే గదిలో చాప మీద అందరూ పడతారు. పక్కపక్క ఇళ్లవాళ్లను కలపండి, కానీ ఒకే ఊరివాళ్లతో నింపొద్దు. సొంతూరి మనుషులైతే నమ్మకం ఉంటుంది, నిజమే. అయితే సంక్రాంతికి శ్రీకాకుళం వాళ్లంతా, దసరాకి పాలమూరు వాళ్లంతా ఒకేసారి బస్సెక్కేస్తారు, సంఘం మూడు వారాలు మూతపడుతుంది. వలస బస్తీల్లో సంఘాలు చితికిపోయేది ఎక్కువగా ఇలాంటి ఖాళీల్లోనే. ఖాతా మీద సంతకం చేసే ఇద్దరు కూడా వేర్వేరు పండగలకు ఊరెళ్లేవాళ్లై ఉండాలి.

ఆదివారం సమావేశం పెడదామని అందరికీ తోస్తుంది. తాపీ పనివాళ్లకు అది కుదురుతుంది. ఇళ్లల్లో పనిచేసేవాళ్లకు మాత్రం ఆదివారం చుట్టాలొస్తారు, గిన్నెలు రెట్టింపవుతాయి. రాత్రి ఎనిమిది తర్వాత, నల్లా నీళ్లు రాని రోజు చూసి పెట్టుకోండి. రోజు ఒకసారి ఖాయమయ్యాక మార్చకండి.

ఇక డబ్బు. మనిషికి వారానికి 50 రూపాయలు అనుకుంటే 12 మందికి 600. ఇరవై ఆరు వారాలకు 15,600 అవుతుంది. మొదటి నాలుగు వారాలు పొదుపే, అప్పు లేదు. ఐదో వారం నుంచి 2,000 దాటకుండా, పది వారాల్లో తీరేలా, నెలకు నూటికి రూపాయి వడ్డీ మీద అప్పివ్వండి. ఇది ఎక్కువేమీ కాదు. గిరిగిరి ఫైనాన్స్ వాడు చేతిలో 9,000 పెట్టి రోజుకు 100 చొప్పున వంద రోజులు వసూలు చేస్తే "వెయ్యే కదా వడ్డీ" అనిపిస్తుంది. కానీ అసలు రోజూ తగ్గుతూ వస్తుంది కాబట్టి లెక్క కడితే ఆ వడ్డీ నెలకు నూటికి ఆరు రూపాయలు దాటుతుంది. ఈ లెక్కను మొదటి సమావేశంలోనే నేల మీద సుద్దతో వేసి చూపించండి. సంఘం ఎందుకో వేరే ఉపన్యాసం అక్కర్లేదు.

సమావేశాల పుస్తకం, పొదుపు లెడ్జరు, అప్పుల లెడ్జరు, క్యాష్ బుక్, మనిషికో పాస్‌బుక్: ఇంతకు మించి పుస్తకాలు వద్దు. ఖాతా తెరిచేదాకా నగదు ఇనప డబ్బాలో ఉంటుంది. డబ్బా ఒకరింట్లో, తాళంచెవి ఇంకొకరింట్లో, పుస్తకాలు మూడో ఇంట్లో ఉండాలి. అనుమానంతో చెప్పే మాట కాదిది. ఒక ఇంట్లో తాగి వచ్చిన మగాడు డబ్బా పగలగొట్టిన రోజున ఎంత పోయిందో చెప్పడానికి పుస్తకమైనా మిగలాలి.

ఇప్పుడు బ్యాంకు. రిజర్వు బ్యాంకు కేవైసీ నిబంధన ప్రకారం స్వయం సహాయక సంఘం పొదుపు ఖాతాకు సభ్యులందరి పత్రాలూ అక్కర్లేదు, సంఘం బాధ్యులవి చాలు. తక్కిన సభ్యుల పత్రాలను అప్పు ఇచ్చేటప్పుడు చూసుకోవచ్చు. ఆధార్‌లో ఊరి చిరునామా ఉండి ప్రస్తుతం వేరే చోట ఉంటే, ఇప్పటి చిరునామాను స్వయంగా రాసిచ్చే వీలు కూడా ఆ నిబంధనల్లోనే ఉంది. ఖాతా తెరవాలన్న తీర్మానం నకలు, సంఘం నియమాల కాగితం, బాధ్యుల ఆధార్, ఫొటోలు, పాన్ కార్డు లేదా అది లేనివాళ్లు బ్యాంకులో నింపి ఇచ్చే ఫారం తీసుకెళ్లండి. అయినా కాదంటే ఆ కాదన్నదే కాగితం మీద రాసివ్వమని మర్యాదగా అడగండి. సగం చిక్కులు అక్కడే విడిపోతాయి. విడకపోతే బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, 30 రోజుల్లో జవాబు రాకుంటే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. వివరాలకు 14448.

గ్రామీణ జీవనోపాధి మిషన్ రుణ నిబంధనల్లో, అప్పుకు కావాల్సిన సంఘం ఆరు నెలల వయసును ఖాతా తెరిచిన తేదీ నుంచి లెక్కించరు, పుస్తకాల్లో పడిన మొదటి పొదుపు నుంచి లెక్కిస్తారు. ఆ తర్కాన్ని మీ బ్రాంచిలోనూ వినిపించండి. మొదటి వారం పేజీ చిరగకుండా దాచమనేది అందుకే. ఖాతా వచ్చాక మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) ఆర్పీని, అంటే బస్తీ సంఘాలను చూసే రిసోర్స్ పర్సన్‌ను కలిసి బస్తీ సమాఖ్యలో చేరండి. ఆఫీసుల్లో 12 మంది మాటకూ, సమాఖ్యలో కలిసిన వంద మంది మాటకూ తేడా ఉంటుంది.

ప్రశ్న: సంఘం పెట్టి మూడేళ్లయింది. మొదటి నుంచీ ఒకామే లీడరు. తెలుగు, హిందీ, ఒడియా మూడూ వచ్చు, ఆఫీసుల్లో అందరూ తెలుసు. ఈ మధ్య లోన్ కాగితం మీద సంతకానికి మనిషికి 500 అడుగుతోంది. మారుద్దామంటే "నేను లేకపోతే మీకు దారి తెలుసా" అంటోంది. కూకట్‌పల్లి.

ఆవిడ అన్నదాంట్లో తప్పు లేదు, మీకు దారి తెలియదు. చిక్కంతా అందులోనే ఉంది. ఊళ్లో సంఘానికి లీడరు లేకపోయినా సర్పంచు, అంగన్‌వాడీ టీచరు, బ్యాంకు మిత్ర అందరికీ ముఖపరిచయమే. వలస బస్తీలో ఆ పరిచయాలన్నీ భాష వచ్చిన ఒక్క మనిషి ఫోనులో ఉంటాయి. ఆ మనిషి ఎంత మంచిదైనా నాలుగేళ్లకు కమీషన్ తీసుకునే మేస్త్రీ అవుతుంది. మనిషిని మార్చినంత మాత్రాన లాభం లేదు, ఆ చోటులో రెండో మేస్త్రీ మొలుస్తుంది.

నిందతో మొదలుపెట్టకండి, లెక్కతో మొదలుపెట్టండి. వచ్చే సమావేశానికి అందరూ పాస్‌బుక్కులు తేవాలని తీర్మానించండి. పాస్‌బుక్కుల్లోని పొదుపు మొత్తం, పొదుపు లెడ్జరు మొత్తం ఒక్కటవ్వాలి. ఆ పొదుపు మొత్తానికి సంఘానికి ఇప్పటిదాకా వచ్చిన వడ్డీలన్నీ కలిపి, పెట్టిన ఖర్చులు తీసేస్తే వచ్చే అంకె ఒకవైపు. చేతిలో ఉన్న నగదు, బ్యాంకు నిల్వ, సభ్యుల దగ్గర ఉన్న అప్పు బాకీ కలిపితే వచ్చే అంకె ఇంకోవైపు. బ్యాంకు అప్పు తీసుకుని ఉంటే, ఇంకా కట్టాల్సింది మొదటి వైపు కలపండి. రెండూ సమానం కావాలి. కాకపోతే తేడా ఏ నెలలో మొదలైందో వెనక్కి వెళ్లి చూడండి. దొంగతనం కన్నా వడ్డీని పొదుపు గడిలో రాసేసిన పొరపాటే చాలాసార్లు బయటపడుతుంది.

అదే రోజు రెండు సంగతులు చూడండి. ఖాతాకు ముడిపెట్టిన ఫోన్ నంబరు ఎవరిది? చాలా సంఘాల్లో అది లీడరు కొడుకుది. దాన్ని మార్పించండి, వారం వారం నిల్వ మెసేజీని సమావేశంలో పైకి చదవండి. రెండోది, చెక్కు బుక్కులో ముందే సంతకం చేసిపెట్టిన ఖాళీ చెక్కులున్నాయా? "ఊరెళ్తున్నా కదా, ఉంచు" అని సంతకాలు పెట్టేసి వెళ్లే అలవాటు వలస సంఘాల్లో బాగా ఎక్కువ. ఉంటే అందరి ముందూ చింపి, వాటి నంబర్లు రాసిపెట్టండి.

తర్వాత తీర్మానం. పదవి ఏడాది, వరసగా రెండుసార్లకు మించి కాదు. బ్యాంకు, వార్డు ఆఫీసు, పోలీస్ స్టేషన్, ఎక్కడికైనా ఇద్దరు వెళ్లాలి. రెండో మనిషి ప్రతిసారీ మారాలి. వెళ్లినవాళ్లకు బస్సు ఛార్జీ, పోయిన సగం రోజు కూలి సంఘమే ఇవ్వాలి, క్యాష్ బుక్కులో రాయాలి. ఈ చివరిదాన్ని చాలామంది ఒప్పుకోరు, "సేవ కదా" అంటారు. మేము గట్టిగా చెబుతున్నాం, ఇవ్వండి. ఇళ్లల్లో పని మాని ఆఫీసు గుమ్మంలో రెండు గంటలు నిలబడిన మనిషి ఆ కూలి ఎక్కడో ఒక చోట రాబట్టుకుంటుంది. లెక్క ప్రకారం ఇస్తే 120 అయ్యేది, దొంగచాటుగా 500 అవుతుంది.

కొత్త బాధ్యుల పేర్లు, పాతవారి సంతకం ఏ తేదీ నుంచి చెల్లదో రాసి, సభ్యుల సంతకాలతో తీర్మానం నకలు బ్యాంకులో ఇచ్చి, రసీదు ముద్ర వేయించుకోండి. పాత లీడరును వెళ్లగొట్టకండి. కొత్తవాళ్లకు మూడు నెలలు దారి చూపించే పని ఆవిడకే ఇవ్వండి, దానికీ ఛార్జీ ఇవ్వండి.

ప్రశ్న: మా సంఘంలో ఐదుగురు ఒడియా వాళ్లు. రావడం వస్తారు, ఒక్క మాట మాట్లాడరు. "మీరేమంటే అదే" అంటారు. వాళ్లను ముందుకు తేవడం ఎలా? పటాన్‌చెరు.

వాళ్లు మాట్లాడట్లేదా, మీరు మాట్లాడనివ్వట్లేదా చూసుకోండి. తెలుగువాళ్లంతా ఒకవైపు గోడకు ఆనుకుని, వాళ్లు గుమ్మం దగ్గర కూర్చుంటుంటే ముందు గుండ్రంగా కూర్చోండి. ఒక విషయం చెప్పాక ఒడియాలో తిరిగి చెప్పించండి, కానీ చెప్పే మనిషి సంఘం సభ్యురాలై ఉండాలి. భర్తనో, వాళ్లను పనికి తెచ్చిన సర్దారునో దుబాసీగా కూర్చోబెడితే అతను చెప్పేది వాళ్ల మాట కాదు, అతని మాట. పైగా అతని దగ్గర అడ్వాన్సు తీసుకున్న మనిషి అతని ముందు నోరెత్తదు.

అప్పు ఎవరికన్న చోట చేతులెత్తించకండి. అడిగిన ఒక్కొక్కరి పేరున ఒక్కో గిన్నె పెట్టి, తలా ఒక చింతగింజ ఇచ్చి, ఒక్కొక్కరూ వెళ్లి వేసి రమ్మనండి. భాషతో పని లేదు, మొహమాటం లేదు. మొదటిసారి లెక్క తేలినప్పుడు గదిలో గుసగుసలు వస్తాయి, రానివ్వండి. పాస్‌బుక్కులో పొదుపుకు ఒక రంగు, అప్పుకు ఒక రంగు, అంకెలు మామూలు 1, 2, 3 పెడితే చదువు రాని తెలుగామెకూ, తెలుగు రాని ఒడియా ఆమెకూ ఒకేలా అర్థమవుతుంది. రెండు నెలలు గడిచాక డబ్బు లెక్కపెట్టే పని ఆ ఐదుగురిలో ఒకరికి ఇవ్వండి. అధ్యక్ష పదవి ఇస్తే భయపడతారు, లెక్కపెట్టమంటే భయపడరు. నోట్లు లెక్కపెట్టే మనిషి తప్పు కనపడితే ఊరుకోదు, మాట అక్కడ మొదలవుతుంది.

ప్రశ్న: ఒడిశా రేషన్ కార్డు మీద ఇక్కడ బియ్యం ఇస్తారా? డీలరు కుదరదంటున్నాడు. శేరిలింగంపల్లి.

ఇవ్వాలి. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు విధానం 2022 జూన్ నాటికి అన్ని రాష్ట్రాలకూ వచ్చింది. అయితే కార్డు జాతీయ ఆహార భద్రత చట్టం కిందిదై ఉండాలి, రాష్ట్రం సొంతంగా ఇచ్చిన కార్డు పనికిరాదు. కార్డు కాగితం చూపక్కర్లేదు, నంబరు లేదా ఆధార్ నంబరు చెప్పి వేలిముద్ర వేస్తే చాలు. ఇంట్లో కొందరు ఊళ్లో ఉంటే కొంత వాటా ఇక్కడ, మిగతాది అక్కడ తీసుకోవచ్చు. ఊళ్లో అత్తగారికి బియ్యం ఆగిపోతుందని భయపడి ఇక్కడ అడగనివాళ్లు చాలామంది ఉన్నారు, మొత్తం ఒకేసారి ఎత్తకపోతే ఆగదు. సిమెంటు పని చేసేవాళ్లకు వేలిముద్రలు అరిగి మిషన్ తీసుకోదు. కంటిపాప స్కాన్ ఉన్న మిషన్ దగ్గరకు వెళ్లండి, లేదా కార్డు మీద ఉన్న వేరే మనిషిని పంపండి. డీలరు అప్పటికీ కాదంటే 14445కు ఫోన్ చేయండి. ఒక్కరు కాదు, నలుగురు కలిసి వెళ్లండి.

ప్రశ్న: మేము చిన్న స్వచ్ఛంద సంస్థ. వలస మహిళలకు మూడు రోజుల నాయకత్వ శిక్షణ పెడదామనుకుంటున్నాం. హోటల్లో హాలు, భోజనం, సర్టిఫికెట్టు. ఇంకేం చేర్చాలి? ఉప్పల్.

చేర్చడం కాదు, తీసేయాలి. హాలు తీసేయండి, మూడు రోజులు తీసేయండి. వరసగా మూడు రోజులు పని మానితే నాలుగు ఇళ్లలో పనిచేసే ఆమెకు కనీసం ఒక ఇల్లు పోతుంది. అలా మానగలిగేవాళ్లే వస్తారు, అంటే ఇంతకుముందే లీడర్లుగా ఉన్నవాళ్లే.

అదే డబ్బుతో వారానికొక సాయంత్రం, గంటన్నర చొప్పున ఎనిమిది వారాలు బస్తీలోనే పెట్టండి. ఇరవై మందికి మించొద్దు. పిల్లలను చూసుకోవడానికి అదే బస్తీలోని ఒకామెకు రోజు డబ్బులిచ్చి పక్క గది ఏర్పాటు చేయండి. ఇది మరిచిన ప్రతి కార్యక్రమంలో మూడో వారానికి సగం మంది ఉండరు. మైకు, ప్రొజెక్టరు వద్దు.

ఒక వారం ఇంటి లోపల నేర్చుకోవడం, మరుసటి వారం బయటికి వెళ్లి చేయడం. అర్జీ రాయడం ఒక వారం: ఎవరికి, ఏం కావాలి, ఎప్పటిలోగా, మూడు ముక్కల్లో. తర్వాతి వారం ఆ అర్జీనే వార్డు ఆఫీసులో ఇచ్చి రసీదు నంబరు తేవడం. రసీదు లేని అర్జీ ఇవ్వనట్టే అని ఆ రోజు వాళ్లకే తెలుస్తుంది. అలాగే అంగన్‌వాడీ. తెలంగాణలో గర్భిణులకు, బాలింతలకు ఆరోగ్యలక్ష్మి కింద గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలతో ఒక పూట భోజనం పెట్టాలి. వలస వచ్చినవాళ్లనూ నమోదు చేసుకోవాలి. వెళ్లి ఒక పేరు రాయించి రావడమే ఆ వారం పాఠం. అసంఘటిత కార్మికుల ఈ-శ్రమ్ కార్డు (16 నుంచి 59 ఏళ్లవాళ్లకు), భవన నిర్మాణ కార్మికుల బోర్డు (ఏడాదిలో 90 రోజుల పని), ఓటు మార్పు (ఫారం 8, ఊళ్లో ఓటు ఇక్కడికి మారుతుంది, రెండు చోట్లా ఉంచుకోవడం నేరం) ఇలాగే ఒక్కోటి ఒక్కో వారం.

పని చేసే ఇంట్లో యజమాని చేయి వేస్తే ఏం చేయాలన్నది ఒక వారానికి తప్పకుండా ఉంచండి. పని చోట లైంగిక వేధింపులను ఆపే 2013 చట్టం కింద ఇంటిపనివాళ్లు జిల్లా స్థానిక కమిటీకి మూడు నెలల్లోగా ఫిర్యాదు ఇవ్వొచ్చు. ప్రాథమికంగా ఆధారం కనిపిస్తే కమిటీ 7 రోజుల్లో దాన్ని పోలీసులకు పంపాలి. నగరంలో ఫిర్యాదు తీసుకునే నోడల్ అధికారి వార్డు లేదా మున్సిపాలిటీ స్థాయిలో ఉండాలి, ఎవరో మీ వార్డు ఆఫీసులో అడిగి పేరు గోడ మీద రాయించండి.

నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకోవడానికి కూర్చున్న ఆడవాళ్లే సారా వేలం పాటలను ఆపించారు, తర్వాత రోజుకు రూపాయి పొదుపు మొదలైందీ ఆ జిల్లాలోనే. ఎవరూ వాళ్లకు నాయకత్వ శిక్షణ ఇవ్వలేదు, కూర్చునే చోటూ వేళా దొరికాయి. కాకపోతే వాళ్లది ఒకే ఊరు. మీ దగ్గరకొచ్చేవాళ్లకు ఆ ఊరే లేదు, అందుకని ఎనిమిది వారాలు అయిపోయాక కూడా ఆ సాయంత్రం, ఆ గది అలాగే నడవనివ్వండి. సర్టిఫికెట్టు డబ్బులు గది అద్దెకు మళ్లించండి.

ప్రశ్న: పెద్దపల్లి వైపు ఇటుక బట్టీల దగ్గర టీచరుగా పనిచేస్తున్నాను. ఒడిశాలోని బలాంగీర్, నువాపడ నుంచి వచ్చిన కుటుంబాలు ఆరేడు నెలలుంటాయి. ఆ ఆడవాళ్లతో సంఘం కట్టొచ్చా?

పొదుపు సంఘం కట్టకండి. చేతికి వచ్చేది వారం ఖర్చులే, అసలు డబ్బు అడ్వాన్సుగా ఊళ్లోనే ఇచ్చేశారు. పొదుపు అంటే ఆ ఖర్చుల్లోంచి తిండి తగ్గించుకోవడమే. పైగా సీజను అయ్యాక బ్యాంకు ఖాతా అనాథగా మిగులుతుంది.

అక్కడ కట్టాల్సింది లెక్క చూసుకునే గుంపు. ఇటుకలు కోసే పని మొగుడు, పెళ్లాం, ఇంకొకరు కలిపి ఒక జట్టుగా సాగుతుంది, కూలి వెయ్యి ఇటుకలకు ఇంత అని. మట్టి తొక్కడంలో, ఇటుకను అచ్చులోంచి తీసి ఎండబెట్టడంలో ఆడమనిషి చేయి ఎంత ఉన్నా, బట్టీ పుస్తకంలో పేరు మగాడిది ఒక్కటే. మొదటి వారంలోనే ఇద్దరి పేర్లూ రాయించమని నలుగురైదుగురు కలిసి అడగడం మొదటి మెట్టు. ఒక్కామె అడిగితే సర్దారు ఆ కుటుంబాన్నే పట్టుకుంటాడు. అందుకే ఈ గుంపుకు లీడరు పేరు పెట్టకండి, ప్రతిసారీ వేరే మనిషి ముందు మాట్లాడాలి.

రెండోది నోటు పుస్తకం. మొదటి పేజీలో తీసుకున్న అడ్వాన్సు, ఎవరి ముందు తీసుకున్నారో, వెయ్యికి మాట్లాడిన రేటు రాయాలి. తర్వాత రోజుకో వరుస: ఎన్ని వరుసలు, వరుసకు ఎన్ని ఇటుకలు, వానకు కరిగినవెన్ని, మునిమి (బట్టీ లెక్కలు రాసేవాడు) ఎన్ని కొట్టేశాడు, ఆ వారం ఖర్చులు ఎంత ఇచ్చాడు. రాయలేనివాళ్లు వెయ్యికో గీత గీసి, ఐదో గీత అడ్డంగా కొడితే చాలు. గొడవ వచ్చేది కరిగిన ఇటుకల దగ్గరే. వాన వెలిసిన రోజే రెండువైపులా లెక్క ఒప్పుకోకపోతే మే నెలలో ఎవరికీ గుర్తుండదు.

టీచరుగా మీకు దారి పిల్లల బడి. పిల్లలను దింపడానికి వచ్చే తల్లులు పది నిమిషాలు ఆగితే అదే సమావేశం, యజమాని కంటికీ అది బడే. పుస్తకాలు మీరు ఉంచుకోకండి, ఎవరిది వారి దగ్గరే ఉండాలి. అడ్వాన్సు తీరలేదని వెళ్లనివ్వకపోయినా, కొట్టినా, అది 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కిందికి వస్తుంది. కలెక్టరుకు గానీ ఆర్డీఓకు గానీ రాతపూర్వకంగా ఇవ్వాలి. విచారణ తర్వాత మనిషి పేరున విడుదల పత్రం తీసుకోకుండా రైలెక్కించనివ్వొద్దు. తక్షణ సాయం 30,000 రూపాయల దాకా, ఆ తర్వాత పునరావాసం, అన్నీ ఆ కాగితం మీదే ఆధారపడి ఉంటాయి. భర్త పేరున ఒకటి ఇస్తామంటే ఒప్పుకోకండి, భార్యకూ విడిగా ఇవ్వాలి. పుస్తకంలో మొదటి పేజీని, వారానికో పేజీని ఫోన్లో ఫొటో తీసి ఊళ్లో ఉన్న చుట్టాలకు పంపించి పెట్టమనండి. సీజను చివర్లో పుస్తకాలు పొయ్యిలోకి పోవడం బట్టీల్లో కొత్తేమీ కాదు.